తలుపు తట్టమన్నది చట్టమే

తల్లిదండ్రులను పట్టించుకోని ప్రభుత్వోద్యోగుల జీతంలో 10 నుంచి 15 శాతం కోసి నేరుగా కన్నవారి ఖాతాలో వేస్తామని తెలంగాణ ముఖ్యమంత్రి 2025 అక్టోబరులో ప్రకటించినప్పటి నుంచి టీవీ చర్చలూ పత్రికల శీర్షికలూ ఒకే పాట పాడుతున్నాయి. కొడుకులు కసాయివాళ్లయ్యారట, అమెరికా మోజు ఊళ్లను ఖాళీ చేసిందట, ఇక చట్టమే కొరడా పట్టాలట. మధ్యలో ఏ ఆర్డీఓ అయినా కొడుకు పేరిట రాసిన ఇంటిని తిరిగి తండ్రికి ఇప్పిస్తే అది మొదటి పేజీ వార్త. ఈ వార్తల్లో అబద్ధమేమీ లేదు. అయితే వీటిని రాసేవారు 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో ఒకటి రెండు సెక్షన్లు చదివి పుస్తకం మూసేశారన్నది నా ఫిర్యాదు. పెద్దల ఒంటరితనానికి సంబంధించిన అసలు సంగతి వాళ్లు తిప్పని పేజీల్లో ఉంది.

ముందు వాళ్లు చదివిన సెక్షన్ 23 సంగతే చూద్దాం. కనీస అవసరాలు చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చాక, తీసుకున్నవారు మాట తప్పితే ఆ రాతను రద్దు చేయించుకోవచ్చు. అలాంటి షరతు ఉందని నిరూపిస్తేనే రద్దు కుదురుతుందని సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది. 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో మరింత ఉదారంగా నిలబడింది. గిఫ్ట్ డీడ్‌తో పాటు కొడుకు రాసిచ్చిన వచన పత్రాన్నీ కలిపి చదివి, ఆస్తి స్వాధీనం ఇప్పించే అధికారం కూడా ట్రిబ్యునల్‌కు ఉంటుందని తేల్చింది. మోసపోయిన తల్లికి ఇల్లు తిరిగి రావాల్సిందే, అందులో రెండో మాట లేదు.

ఆ తీర్పు అమలైన మర్నాడు ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ రాయరు. కొడుకూ కోడలూ సామాను సర్దుకుని వెళ్తారు. మనవడి స్కూలు ఆటో ఆ వీధిలో ఆగడం మానేస్తుంది. బంధువుల్లో సగంమంది ఆ పక్షం, సగంమంది ఈ పక్షం. పెద్దావిడకు ఇల్లు దక్కింది, పలకరించేవాళ్లు తగ్గారు. చట్టం చేసినవారికి ఇది తెలియక కాదు. అందుకే విచారణకు ముందే ఫిర్యాదును రాజీ కుదిర్చే అధికారికి పంపే దారిని సెక్షన్ 6లో పెట్టారు. ఆయన నెలలోగా తన నివేదిక ఇవ్వాలి. భూసేకరణ, ఎన్నికల విధులు, ప్రోటోకాల్ పనుల మధ్య నలిగే ఆర్డీఓల చేతిలో ట్రిబ్యునళ్లను పెట్టిన మనం ఆ దారికి ఎంత ఓపిక ఇవ్వగలమో ఊహించుకోవచ్చు.

ఇక డబ్బు సంగతి. ట్రిబ్యునల్ ఇప్పించే మనోవర్తికి సెక్షన్ 9 కింద నెలకు రూ.10,000 మించకుండా రాష్ట్రాలు పరిమితి పెట్టుకోవచ్చు. జీతంలో కోత ఆలోచన కూడా కొత్తదేమీ కాదు. అస్సాం 2017లోనే ‘ప్రణామ్’ పేరుతో చట్టం చేసి, మరుసటి ఏడాది అక్టోబరు నుంచి అమలుకు దిగింది. ఆకలితో ఉన్న తండ్రికి ఆ డబ్బు అన్నం పెడుతుంది, కాదనను. కానీ ఈ కోత ప్రభుత్వోద్యోగి కన్నవారి గడప దాటదు. కొడుకు రైతుకూలీ అయిన తల్లికి, కొడుకు దుబాయ్‌లో మేస్త్రీ అయిన తండ్రికి దీనితో పనిలేదు. 2007 చట్టం విదేశాల్లో ఉన్న భారత పౌరులకూ వర్తిస్తుందని మొదటి సెక్షన్‌లోనే ఉంది. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద వచ్చిపోయే కొడుకును మాత్రం ఆ వాక్యం తాకదు. పోనీ తాకిందే అనుకుందాం. కోస్తా జిల్లాల్లోని ఎన్నో ఊళ్లలో పిల్లలు నెలనెలా డబ్బు పంపుతున్నారు, రోజూ వీడియో కాల్ చేస్తున్నారు, ఏసీ పెట్టించారు, పనిమనిషిని మాట్లాడారు. ఈ పిల్లల మీద ఏ సెక్షన్ కింద కేసు పెడతాం? వాళ్ల అమ్మానాన్నలకు సాయంత్రం అరుగు మీద కూర్చుని మాట్లాడే మనిషి లేడన్నది మాత్రం నిజం.

ఇక్కడే కొందరు చైనాను చూపిస్తారు. వేరే ఊళ్లో ఉన్న పిల్లలు తల్లిదండ్రులను తరచూ వచ్చి చూడాలని ఆ దేశం చేసిన సవరణ 2013 జులై 1న అమల్లోకి వచ్చింది. అదే రోజు ఊషీ నగరంలోని కోర్టు, 77 ఏళ్ల తల్లిని కనీసం రెండు నెలలకోసారి వెళ్లి చూడాలని ఒక కూతురిని ఆదేశించింది. ప్రపంచమంతా ఆ వార్త పాకింది. కోర్టుకు భయపడి వచ్చిన కూతురు గడియారం చూసుకుంటూ కూర్చుంటే ఆ తల్లికి ఒరిగేదేమిటి? ప్రేమను ఉత్తర్వుతో తెప్పించలేం. ఒక మనిషిని ఇంటికి పంపడం ప్రభుత్వం చేయగలిగిన పని. ఆ పని చేయమని మన చట్టమే ఎప్పుడో చెప్పింది. మూసేసిన పేజీలు ఇవే.

2007 చట్టం పేరులో రెండు భాగాలున్నాయి. పోషణ పిల్లల వంతు, సంక్షేమం ప్రభుత్వం వంతు. సంక్షేమమంటే ఏమిటో సెక్షన్ 2లో నిర్వచించారు. అందులో తిండి, ఆరోగ్య సేవలతో పాటు కాలక్షేప కేంద్రాలూ ఉన్నాయి. పిల్లల బాధ్యతను చెప్పే సెక్షన్ 4 కూడా అన్నం, బట్ట, మందుల దగ్గర ఆగలేదు. పెద్దవారు సాధారణ జీవితం గడపగలిగేలా ఆ బాధ్యత ఉండాలంది. నలుగురితో మాట కలపని జీవితాన్ని సాధారణ జీవితమని ఏ న్యాయమూర్తీ అనలేరని నా నమ్మకం. అశ్వనీ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో వృద్ధుల గౌరవాన్ని, ఆరోగ్యాన్ని, తలదాచుకునే హక్కును రాజ్యాంగంలోని 21వ అధికరణ కిందికి తెచ్చింది. ఆ వెలుగులో చూస్తే ఈ సెక్షన్లను ఇరుకుగా చదవడానికి కారణమే కనబడదు.

అసలు బలం సెక్షన్ 22లో ఉంది. వృద్ధాశ్రమాల గురించి చెప్పే సెక్షన్ 19, జిల్లాకు ఒకటితో మొదలుపెట్టి కనీసం 150 మంది నిరుపేదలకు చోటుండేలా కట్టే వెసులుబాటును రాష్ట్రానికి వదిలింది. సెక్షన్ 22 అలా వదల్లేదు. వయోవృద్ధుల ప్రాణానికీ ఆస్తికీ రక్షణగా రాష్ట్రం సమగ్ర కార్యాచరణ ప్రణాళిక ప్రకటించి తీరాలంది. ఆ ప్రణాళిక ఎలా ఉండాలో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా నియమావళిలో పూసగుచ్చినట్టు ఉంది. ప్రతి పోలీస్ స్టేషన్ తన పరిధిలోని వృద్ధుల జాబితాను, ముఖ్యంగా ఒంటరిగా ఉంటున్నవారి పేర్లను, ఎప్పటికప్పుడు సరిచేసుకుంటూ ఉంచాలి. స్టేషన్ తరఫున ఒకరు, వీలైనంతవరకు సామాజిక కార్యకర్తనో వాలంటీరునో వెంటబెట్టుకుని, కనీసం నెలకోసారి వాళ్ల ఇంటికి వెళ్లాలి. సాయం కోరితే వెంటనే మళ్లీ వెళ్లాలి. స్టేషన్ పరిధిలో వాలంటీర్ల కమిటీలు వేసి, ఈ పెద్దలకూ అధికార యంత్రాంగానికీ మధ్య రాకపోకలు తెగకుండా చూడాలి.

ఒంటరి ఎవరన్నదానికి ఆ నియమావళి ఇచ్చిన కొలత ఇంకా గొప్పది. ఇంట్లో 60 ఏళ్లు నిండని మనిషి ఒక్కరూ లేకపోతే, ఆ ఇంట్లోవాళ్లందరూ ఒంటరివారి కిందే లెక్క. 75 ఏళ్ల భర్త, 70 ఏళ్ల భార్య ఒకే కప్పు కింద ఉన్నా ఆ జాబితాలో వాళ్ల పేర్లుండాలి. ఒకరు మంచం పడితే రెండోవారు గుమ్మం దాటలేరని, ఆ ఇంటికి లోకంతో ఉన్న సంబంధం ఆ రోజే తెగుతుందని ఎరిగినవారు రాసిన వాక్యమది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తన నియమావళిని 2011లో తెచ్చింది. ఆ వారసత్వం నేటి రెండు రాష్ట్రాలదీ. ఒంటరితనానికి బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో మంత్రులను పెట్టాయని అబ్బురంగా రాసుకున్నాం. నెలకోసారి తలుపు తట్టాలన్న ఆలోచన అంతకుముందే మన ప్రభుత్వ కాగితాల్లో ఉందని మాత్రం రాయలేదు.

దీన్ని మరింత గట్టిపరిచే అవకాశం ఒకసారి వచ్చి పోయింది. 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లు ప్రతి స్టేషన్‌లో ఏఎస్ఐ స్థాయికి తగ్గని ప్రత్యేక అధికారిని, జిల్లాకో పోలీసు విభాగాన్ని ప్రతిపాదించింది. మనోవర్తి పరిమితినీ ఎత్తేయాలంది. స్థాయీసంఘం దాకా వెళ్లి, చివరికి 2024లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. బాధ్యుల జాబితాలో అల్లుళ్లనూ కోడళ్లనూ చేర్చడం తప్ప ఆ బిల్లులో మన చర్చలకు ఇంకేమీ కనబడలేదు.

పోలీసు గుమ్మంలోకి వస్తే ఊరంతా గుసగుసలు పోతుందన్న అభ్యంతరం సమంజసమైనదే. అందుకే నియమంలో సామాజిక కార్యకర్త ఉన్నారు, వాలంటీరు ఉన్నారు. అయినా కొత్తవాళ్లను వెతకాల్సిన పనేముంది? ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి రూ.4,000 అయింది. గ్రామ, వార్డు సచివాలయ సిబ్బంది నెల మొదట్లో దాన్ని ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. లక్షల గుమ్మాల ముందు ప్రభుత్వం నెలకోసారి నిలబడుతోందన్నమాట. వేలిముద్ర పడింది, నోట్లు లెక్క సరిపోయాయి, పక్కింటికి పద! ఆ సందర్శనకే పది నిమిషాలు కలిపి, భోజనం సరిగా చేస్తున్నారా, కిందటి వారం ఎవరైనా వచ్చారా, బయటికి ఎప్పుడు వెళ్లారు అని అడిగి రాసుకుంటే, నియమావళి కోరిన జాబితా మూడు నెలల్లో తయారవుతుంది. సచివాలయాలతో పాటే వచ్చిన మహిళా సంరక్షణ కార్యదర్శి పోస్టు ఈ పనికి సరిగ్గా అతుకుతుంది. పింఛను రాని మధ్యతరగతి పెద్దల పేర్లు ఆ జాబితాలో విడిగా చేర్చాలి. డబ్బున్న ఒంటరితనం ఎవరి కంటా పడదు.

హెల్ప్‌లైన్ ఉంది కదా అంటారు. ఉంది, దానికి మూలం కూడా మన దగ్గరే. టాటా ట్రస్ట్స్, విజయవాహిని సంస్థలు 2017లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన సేవే పెరిగి 14567 నంబరుతో 2021లో దేశమంతటికీ చేరింది. మంచి సేవ, దాన్ని తక్కువ చేయను. కాకపోతే ఫోన్ చేసే ఓపిక, చొరవ ఉన్నవారికే అది అందుతుంది. పలకరింపు లేక ముడుచుకుపోయిన మనిషి ఫోన్ తీయడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన కమిషన్ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక, ఏటా 8.7 లక్షలకు పైగా మరణాలకు ఒంటరితనంతో సంబంధం ఉందని అంచనా వేసింది. వృద్ధుల్లో ముగ్గురిలో ఒకరి దాకా సామాజికంగా ఏకాకులై ఉండవచ్చని కూడా అంది. ఇంత పెద్ద ప్రజారోగ్య సమస్యను వృద్ధుడే ఫోన్ చేసి చెప్పుకోవాలనడం బాధ్యత తప్పించుకోవడమే.

పిల్లల తప్పు లేదని నేను అనడం లేదు. కొట్టి తరిమేసిన కొడుకును సెక్షన్ 24 కింద జైలుకు పంపాల్సిందే. కానీ ప్రతి ఒంటరి వృద్ధుడి వెనుకా ఒక దుర్మార్గుడైన కొడుకును వెతికే వార్తలు ప్రభుత్వానికి మహా సుఖంగా ఉంటాయి. తప్పంతా ఇంట్లోవాళ్లదైతే ప్రభుత్వం తీర్పరిగా కూర్చుంటే చాలు. 2007 చట్టం దాన్ని తీర్పరిగా మాత్రమే కూర్చోబెట్టలేదు, బాధ్యుల పక్కన నిలబెట్టింది. జీతంలో కోతకు కొత్త చట్టాలు రాసేముందు రెండు రాష్ట్రాల కలెక్టర్లూ ఒక చిన్న పట్టిక ప్రకటించాలి. ఏ స్టేషన్ జాబితాలో ఎంతమంది ఒంటరి వృద్ధుల పేర్లున్నాయి, కిందటి నెల వాళ్లలో ఎంతమంది ఇంటికి మనిషి వెళ్లాడు? ఆ గడులు ఖాళీగా ఉంటే, తల్లిదండ్రులను పట్టించుకోనివారి జాబితాలో మొదటి పేరు ప్రభుత్వానిదే రాయాలి.