పచ్చి అజొల్లాకు ఎండు లెక్కలా?

అజొల్లాలో 25 శాతం మాంసకృత్తులున్నాయని, రోజుకు రెండు కిలోలు వేస్తే దాణా ఖర్చు తగ్గుతుందని కరపత్రాలు పంచారు. మేమూ నమ్మాం. టార్పాలిన్ పరిచి తొట్లు కట్టాం, గేదెకు కిలో దాణా తగ్గించి రెండు కిలోల అజొల్లా వేశాం. పాలు తగ్గాక గానీ లెక్క చూసుకోలేదు. ముందే చూసుకోవలసింది, అది మా తప్పు.

ఆ 25 శాతం ఎండబెట్టిన అజొల్లాది. తొట్లోంచి తీసిన పచ్చిదాంట్లో నూటికి 94 పాళ్ల దాకా నీళ్లే. కిలో ఎండితే 60 గ్రాములు మిగులుతుంది. అందులో మాంసకృత్తులు 15 గ్రాములు. 18 శాతం ఉన్న దాణా కిలోలో 180 గ్రాములుంటాయి. అంటే కిలో దాణాకు సరితూగాలంటే పన్నెండు కిలోల అజొల్లా కావాలి. మేం వేసింది రెండు!

పోనీ ఆ 25 అయినా ఖాయమా? కాదు. అజొల్లా ఆకులో ఉండే నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. భాస్వరం మాత్రం తొట్టి నీళ్లలోంచే రావాలి. పేడ, సూపర్ ఫాస్ఫేట్ వేయడం మానేస్తే ఎదుగుదల ఆగి ఆకు ఎర్రబారుతుంది. ఎండదెబ్బకూ ఎర్రబడుతుంది. సమయానికి తీయక ముదిరినా సారం తగ్గుతుంది. పక్కపక్క ఇళ్ల తొట్లలోనే తేడా ఉంటే, రాష్ట్రమంతటికీ ఒకే అంకె ఎలా అచ్చేస్తారు?

కాలవల్లో గుర్రపుడెక్కదీ ఇదే తీరు. నీళ్లలో ఏముంటే అది పీల్చుకుంటుంది. పొలాల మురుగులో పెరిగిన దానిలో నత్రజని, పొటాష్ దండిగా ఉండి మంచి కంపోస్టు అవుతుంది. ఫ్యాక్టరీ మురుగు కలిసే చోట పెరిగితే సీసం, కాడ్మియం కూడా పీలుస్తుంది. అలాంటిది పశువులకు వేయొద్దు, ఎరువుకూ వద్దు.

అజొల్లా పనికిరాదని మేం అనడం లేదు. దాణాకు తోడుగా వేసుకోండి, దాణా మాత్రం ఒక్కసారిగా కోయొద్దు. పశుసంవర్ధక శాఖను అడుగుతున్నదల్లా రెండే. కరపత్రంలో పచ్చి కిలోకు ఎన్ని గ్రాములో రాయాలి. మట్టి నమూనాలు తీసుకున్నట్టే మా తొట్లలోని అజొల్లా నమూనాలూ వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి ఉచితంగా పరీక్షించాలి. తొట్టికి సబ్సిడీ ఇచ్చి ఫొటో తీసుకుని పోతే మా గేదె పాలివ్వదు.