ఎయిర్‌పోర్ట్ ఆలస్యమైతే నష్టపోయేది ఎవరు?



మామునూరు ఎయిర్‌పోర్ట్ విస్తరణ మీద, మన కొత్తగూడెం ఎయిర్‌పోర్ట్ మీద ఎక్కడ చూసినా రెండే మాటలు. ఒకరు "కేంద్రం ఇవ్వట్లేదు" అంటారు, ఇంకొకరు "రాష్ట్రం భూమి చూపించట్లేదు" అంటారు. దుమ్ముగూడెం హాస్టల్ పిల్లలం మేము మూడో మాట అడుగుతున్నాం. ఈ ఆలస్యానికి నష్టపోయేది ఎవరు?

మామునూరు సంగతే చూడండి. నిజాం కాలంలో 1930లో కట్టారు. 1981లో మూతపడింది. తర్వాత శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ కోసం జీఎంఆర్ కంపెనీతో ఒప్పందం చేసుకున్నప్పుడు, 150 కిలోమీటర్ల లోపల ఇంకో ఎయిర్‌పోర్ట్ రాకూడదని షరతు ఒప్పుకున్నారు. వరంగల్ ఆ గీత లోపలే ఉంది. ఆ అడ్డం తీసి 2025 ఫిబ్రవరి 28న కేంద్రం అనుమతి ఇచ్చేసరికి 44 ఏళ్లు గడిచాయి. అనుమతి రాగానే రెండు పార్టీల కార్యకర్తలు "మా వల్లే వచ్చింది" అని అక్కడ తోసుకున్నారు. ఉన్న 696 ఎకరాలకు తోడు ఇంకో 253 ఎకరాలు కావాలంటే, రేటు గిట్టదని రైతులు రోడ్డెక్కారు. కొత్తగూడెంలో అయితే చూసిన స్థలమే పనికిరాదన్నారు.

మేము ఎయిర్‌పోర్ట్‌కు వ్యతిరేకం కాదు. "మనోళ్లకు విమానం ఎందుకు" అనే మాట కూడా మాకు నచ్చదు. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు, రేపు విమానం ఎక్కేది కూడా మేమే కావచ్చు.

కానీ ఆలస్యం అంటే ఏంటో మనకు పోలవరం నేర్పింది. 1981లో శంకుస్థాపన చేశారు. 2014లో కూనవరం, చింతూరు, వేలేరుపాడు వైపు మన చుట్టాల ఊళ్లను ఆంధ్రాలో కలిపేశారు. "ఎట్లాగూ మునిగే ఊరే కదా" అనే ఒక్క మాటతో రోడ్డు ఆగుతుంది, బడి గది ఆగుతుంది, ఇల్లు కట్టుకోవాలన్నా చెయ్యి రాదు. నాయకుడికి ఆలస్యమైతే ఇంకో ఎన్నికలో చెప్పుకోవడానికి మాట దొరుకుతుంది. భూమి మీద గుర్తు పడ్డోడికి ఏళ్లు పోతాయి.

రేపు మన జిల్లాలో ఇంకో స్థలం చూస్తారు. జిల్లాలో ఎక్కువ భాగం ఐదో షెడ్యూలు ప్రాంతం. 1996 పెసా చట్టం భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించమంటుంది. 2013 భూసేకరణ చట్టం ముందస్తు సమ్మతి కావాలంటుంది. అప్పుడు ఇదే నాయకులు "గ్రామసభల వల్ల లేటవుతోంది" అంటారు. మరి మామునూరును 44 ఏళ్లు ఆపింది ఏ గ్రామసభ?

అందుకే మనం అడగాల్సినవి మూడు. స్థలం పేరు పేపర్లో రాకముందు గ్రామసభకు రావాలి. గుర్తించిన భూమిని ఏ తేదీలోపు తీసుకుంటారో, లేకపోతే ఏ తేదీన వదిలేస్తారో రాసివ్వాలి. పట్టా ఉన్నోడితో పాటు, 2006 అటవీ హక్కుల చట్టం కింద హక్కు రావాల్సిన పోడు రైతునూ లెక్కలో రాయాలి.

ఈసారి సెలవులకు ఊరికి పోయినప్పుడు పంచాయతీ ఆఫీసులో గ్రామసభ తీర్మానాల రిజిస్టర్ అడిగి చూడండి. మన అమ్మానాయనల వేలిముద్రలు ఏ రాత కింద ఉన్నాయో చదివి వాళ్లకు చెప్పండి. చదువుకున్నందుకు మనం చెయ్యాల్సిన మొదటి పని అదే.

జై ఆదివాసీ.