తీసేసిన ప్రతి కాలికీ లెక్క చెప్పాలి

సికింద్రాబాద్ ప్రజలకు, జంట నగరాల సర్జన్లకు, ఆరోగ్యశాఖ పెద్దలకు విజ్ఞప్తి

మా అన్నయ్య రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా ముప్పై రెండేళ్లు చేశాడు. పట్టాల వెంట రోజూ మైళ్లకొద్దీ నడిచిన మనిషి. రిటైరైన నాలుగో ఏడు మెట్టుగూడ నుంచి చిలకలగూడ దాకా నడవలేకపోయాడు. వంద అడుగులు వేసేసరికి పిక్కలు పట్టేసేవి. కాసేపు నిలబడితే తగ్గేది. మళ్లీ వంద అడుగులు, మళ్లీ నొప్పి. నరాల బలహీనత అన్నారు. బలానికి మాత్రలు, సూదులు ఇచ్చారు. ఏడాది వాటితోనే గడిచింది. చెప్పు కరిచిన పుండు మానలేదు, బొటనవేలు నల్లబడింది. చేర్పించిన ఆస్పత్రిలో మూడో రోజున మోకాలి పైకి కాలు తీసేశారు. ఏడాది పొడుగునా గానీ, ఆ మూడు రోజుల్లో గానీ ఆయన పాదం మీద వేళ్లు పెట్టి నాడి కొట్టుకుంటోందా అని చూసినవారు ఒక్కరూ లేరు.

తెలుగులో నరం అన్న ఒక్క మాటతో మనం మూడింటిని పిలుస్తాం. మెదడు కబురు మోసేదీ నరమే, గుండె నుంచి రక్తం తెచ్చే ధమనీ నరమే, రక్తాన్ని తిరిగి పైకి చేర్చే సిరా నరమే. "నరాలు లాగుతున్నాయి సార్" అని రోగి అంటే అది ఏ నరమో తేల్చాల్సింది డాక్టరు. నడిస్తే వచ్చి నిలబడితే పోయే పిక్క నొప్పి చాలాసార్లు ధమని పూడుకుంటోందన్న కబురు. షుగర్, పొగ, బీపీ, కొలెస్టరాల్ దీనికి దారులు. బీడీ, సిగరెట్ తాగే పడుచు వయసు మగవాళ్లలో వచ్చే బర్గర్ జబ్బు మరో రకం. లియో బర్గర్ అనే అమెరికా వైద్యుడు 1908లో దాన్ని వివరించాడు. ముప్పై, నలభై ఏళ్లకే వేళ్లు పోగొట్టుకుంటారు.

ధమని పూడిందో లేదో పట్టుకోవడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. రక్తం పారే చప్పుడు వినిపించే, చేతిలో పట్టే చిన్న డాప్లర్, బీపీ చూసే పట్టీ చాలు. చీలమండ దగ్గర ప్రెజర్ చూసి, దాన్ని చేతి ప్రెజర్‌తో భాగిస్తారు. 0.9 కంటే తక్కువ వస్తే కాలికి రక్తం సరిగా అందడం లేదని అర్థం. షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నవారిలో ధమని గోడలు సున్నం పట్టి గట్టిపడతాయి కాబట్టి లెక్క దొంగగా ఎక్కువ చూపిస్తుంది. అప్పుడు బొటనవేలి ప్రెజర్ చూడాలి. ఇంతా కలిపి పది, పదిహేను నిమిషాల పని. అడ్డు ఎక్కడుందో తెలిస్తే బెలూన్‌తో తెరవవచ్చు, స్టెంట్ వేయవచ్చు, కాలిలోని సిరనే తీసి బైపాస్ చేయవచ్చు. అన్ని కాళ్లూ దక్కవు. చీము ఒంట్లోకి ఎక్కి ప్రాణం మీదికి వచ్చినప్పుడు కోయక తప్పదు, ఆలస్యం చేస్తే మనిషే పోతాడు. నేను అడిగేది ఆ కాళ్ల గురించి కాదు. దక్కే అవకాశం ఉండి కూడా ఎవరూ చూడకుండా పోయిన కాళ్లు ఎన్ని?

ఈ ప్రశ్నకు మన రాష్ట్రంలో జవాబు లేదు, ఎందుకంటే రాసుకునే రిజిస్టరు లేదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. వాళ్లలో ఎందరి కాళ్లు పోతున్నాయి, అందులో ఎందరికి ముందుగా రక్తనాళాలు పరీక్షించారు, ఏడాది తర్వాత ఎందరు బతికి ఉన్నారు అని అడిగితే పెద్ద డాక్టర్లు కూడా అంచనాలే చెబుతారు. కాలు పోయిన షుగర్ రోగుల్లో సగం మందో అంతకంటే ఎక్కువో ఐదేళ్లు దాటరని విదేశీ అధ్యయనాలు చాలా చెబుతున్నాయి. మన దగ్గర ఎంతమందో వెతకడానికి దారే లేదు. కాగజ్‌నగర్ నుంచి భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో దిగిన రోగి, గాంధీ ఆస్పత్రిలోనో మరో చోటో కాలు తీయించుకుని మళ్లీ అదే రైలెక్కి వెళ్లిపోతాడు. కుట్లు విప్పాక ఆ మనిషి సంగతి ఎవరికీ తెలియదు.

లెక్క లేకపోతే వైద్యం ఎలా దారి తప్పుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. రక్తం అందని కాలికి ముందు బైపాస్ చేయాలా, బెలూన్ వేయాలా అన్నది ప్రపంచమంతా తేల్చుకుంటున్న ప్రశ్న. 2022లో వచ్చిన బెస్ట్-సీఎల్‌ఐ ట్రయల్ అమెరికా, కెనడా, ఫిన్‌లండ్, ఇటలీ, న్యూజిలాండ్‌లలోని 150 కేంద్రాల్లో 1,830 మంది మీద జరిగింది. మంచి సిర ఉన్న రోగుల్లో బైపాస్ మేలని తేలింది. కాలికి పెద్ద నష్టం గానీ మరణం గానీ బైపాస్ వారిలో 42.6 శాతం మందికి జరిగితే, బెలూన్ వారిలో 57.4 శాతం మందికి జరిగింది. మరుసటి ఏడు బ్రిటన్, స్వీడన్, డెన్మార్క్‌లలో మోకాలి కింది ధమనులు పూడిన 345 మంది మీద జరిగిన బేసిల్-2 ట్రయల్ తిరగేసి చెప్పింది. అక్కడ బెలూన్ ముందు వేసినవారే మేలుగా ఉన్నారు. రెండూ నిజాయితీగా జరిగిన పరిశోధనలే. రోగులు వేరు, సిరలు వేరు, పూడిన చోటు వేరు. మరి మన రోగి ఎవరిలాంటివాడు? ఆ రెండు జాబితాల్లోనూ భారతదేశం లేదు. మన సర్జను వాళ్ల కాగితం చదివి మన కాలు కోస్తున్నాడు.

స్వీడన్ సర్జన్లు 1987 నుంచి రక్తనాళాల ఆపరేషన్లకు రిజిస్టరు నడుపుతున్నారు. బ్రిటన్ అనుభవం మనకు ఇంకా దగ్గరది. పొట్టలోని పెద్ద ధమని ఉబ్బినప్పుడు ముందుగా చేసే ఆపరేషన్‌లో మరణాలు ఐరోపా సగటు 3.5 శాతం ఉంటే, బ్రిటన్‌లో రెట్టింపుకు మించి ఉన్నాయని 2008లో బయటపడింది. అక్కడి సర్జన్లకు తలవంపులైంది. దాచిపెట్టుకోలేదు. ప్రతి కేసూ జాతీయ రిజిస్టరులో నమోదు చేశారు, ఆస్పత్రుల వారీగా అంకెలు ప్రజల ముందు పెట్టారు, తక్కువ ఆపరేషన్లు చేసేచోట్ల మానిపించి పెద్ద కేంద్రాలకు పంపారు. కొన్నేళ్లలోనే మరణాలు సగానికంటే కిందికి దిగాయి. అక్కడ ఇప్పుడు కాళ్ల తొలగింపు కూడా ఆ జాతీయ రిజిస్టరులోకి ఎక్కుతోంది.

ఇలా రాసి బయటపెట్టడం మన ఊరికి కొత్త అలవాటు కాదు. 1888, 1889లలో రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బుతో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు నడిపాడు. మత్తుమందు క్లోరోఫాం గుండెకు నేరుగా హాని చేయదనీ, శ్వాసను చూసుకుంటే చాలనీ తేల్చారు. ఆ తీర్పు తప్పు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే బ్రిటిష్ వైద్యుడు దాన్ని తోసిపుచ్చాడు. అయినా ఆ కమిషన్‌ను నేను గౌరవంగానే తలుస్తాను. ఏం చేశారో, ఏం చూశారో అంతా రాసి అచ్చువేశారు కాబట్టే తర్వాతివాళ్లు వాళ్లతో వాదించగలిగారు. బేగంపేటలో 1897 ఆగస్టు 20న సర్జన్ మేజర్ రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. దోమలచేత కుట్టించుకున్న మలేరియా రోగి హుస్సేన్ ఖాన్‌కు ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చాడు. ఆ రోగి పేరు నూట పాతికేళ్ల తర్వాత కూడా మనకు తెలుసు, రాసి పెట్టాడు గనక. మొన్న పక్క వార్డులో కాలు పోగొట్టుకున్న మనిషి ఏ పుస్తకంలోనూ లేడు.

"పరిశోధన అంటే మా మీద మందులు పరీక్షించడమే కదా?" అని మా బస్తీలో ఒక పెద్దామె నన్ను నిలదీసింది. ఆ భయం ఊరికే రాలేదు. 2009లో నాటి ఖమ్మం జిల్లాలో ఒక పరిశోధన ప్రాజెక్టు కింద వేలాది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా ఇచ్చినప్పుడు, చాలామందికి తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆ ప్రాజెక్టును ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. ఆ సంగతి మరవకూడదు. రిజిస్టరు వేరే పని. దానికోసం ఎవరికీ కొత్త మందు వేయరు, జరిగిన వైద్యాన్ని జరిగినట్టు రాస్తారు. అయినా తెలుగులోనూ ఉర్దూలోనూ రోగికి చదివి చెప్పాలి, ఒప్పుకుంటేనే తర్వాత ఫోన్ చేయాలి, పేరు బయటికి పొక్కకూడదు. ఎథిక్స్ కమిటీలో బస్తీ మనిషి ఒకరు కూర్చోవాలి.

ఇక చేయాల్సింది. ఎం.ఎస్. చదివే ప్రతి విద్యార్థీ థీసిస్ రాయాలి. షుగర్ పాదం మీద ఏటా ఎన్నో రాస్తారు. ఒక్కొక్కరు కొద్దిమంది రోగులతో, ఎవరి ఫారం వారిది. పరీక్ష అయ్యాక అవి బీరువాలోకి పోతాయి. కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం అందరికీ ఒకే ఫారం ఇస్తే, గాంధీ, ఉస్మానియా, వరంగల్ ఎంజీఎం విద్యార్థుల కేసులు కలిసి కొన్నేళ్లలో వేలమంది లెక్క అవుతుంది. పైసా అదనపు ఖర్చు లేదు. పిల్లలకు కూడా తమ కష్టం ఒకరికి పనికొచ్చిందన్న తృప్తి ఉంటుంది.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వైద్య పథకం పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు, మంచిదే. ప్రతి కేసుకూ డబ్బు చెల్లించే ఆరోగ్యశ్రీ ట్రస్టుకు ప్రతి కేసు వివరమూ అందుతుంది. కాలు తీసే అనుమతి కోరే కాగితంలో పాదం నాడి, చీలమండ ప్రెజర్, డాప్లర్ ఫలితం అన్న మూడు గడులు పెట్టండి. ప్రాణాపాయమైతే ఆ మాట రాసి ముందు ఆపరేషన్ చేయనివ్వండి, గడులు తర్వాత నింపుకోవచ్చు. ఏడాది గడిచాక ఒక ఫోన్ కాల్. ఆస్పత్రుల వారీగా అంకెలు ఏటా తెలుగులో ప్రచురించండి. మొదటి ఏడాది అంకెలు చేదుగానే ఉంటాయి. వాటిని పట్టుకుని సర్జన్లను నిందించవద్దని పత్రికలవారికి చేతులు జోడించి చెబుతున్నాను. నిందిస్తే మళ్లీ రాయడం మానేస్తారు.

సర్జన్లారా, ఈ రిజిస్టరు మొదలుపెట్టగలిగేది మీరే. ప్రభుత్వ ఉత్తర్వు వచ్చేదాకా ఆగకండి. వచ్చే సోమవారం మీ వార్డులో ఒక లాంగ్ నోట్‌బుక్ తెరవండి.

ఇంట్లో షుగర్ ఉన్నవారు, బీడీ, సిగరెట్ తాగేవారు ఉంటే, ఈ కాగితం పారేయకండి. రేపు ఎవరైనా కాలు తీయాలంటూ సంతకం అడిగితే, పెట్టే ముందు మర్యాదగా మూడు మాటలు అడగండి: పాదంలో నాడి చూశారా? ప్రెజర్ ఎంత వచ్చింది? ఆ అంకె కేసు షీటు మీద రాస్తారా?