ముందు మీ ఊరి దేవుడి ఫోటో ఉందా?

ఆఫీసులో మనవాళ్ళు నలుగురు కలిసారంటే ఎప్పుడో ఒకప్పుడు ఈ చర్చ రాక తప్పదు. "మన దేవుళ్ళని ఎత్తుకెళ్ళి అద్దాల పెట్టెల్లో బంధించారు, వాళ్ళకేం హక్కుంది?" అని. అమరావతి శిల్పాలు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న మాట నిజమే. అవి ఇక్కడ ఉండాల్సినవే అన్నది నా మాట కూడా. కానీ ఈ కోపం లండన్లో మొదలై లండన్లోనే ఆగిపోతుంది చూడండి, నా పేచీ అక్కడ.

గ్లాస్గోలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఒక ఆదివారం సెయింట్ ముంగో మ్యూజియంకి వెళ్ళాం. 1993లో తెరిచారు. ఊళ్ళోని పెద్ద చర్చి పక్కనే. టికెట్ లేదు. రకరకాల మతాల కళని ఒకే కప్పు కింద పెట్టారు. అక్కడో కంచు నటరాజు ఉన్నాడు. తెరిచిన ఏడాదే ఒక మతావేశపరుడు ఆ విగ్రహాన్ని తోసి పడేస్తే, బాగుచేసి మళ్ళీ నిలబెట్టారట. నాతో వచ్చిన ఫ్రెండొకడు "దీపం లేదు, పూలు లేవు, అనాథలా పెట్టారు రా" అని తెగ బాధపడిపోయాడు. వాడిది హిందూపురం. లేపాక్షి వాళ్ళింటికి 15 కిలోమీటర్లు. "మరి మీ లేపాక్షి గుడి కప్పు మీద ఏం బొమ్మలున్నాయి?" అని అడిగాను. "స్తంభం కింద టవల్ లాగుతారు, ఆ గుడేనా?" అన్నాడు!

వాడొక్కడనే కాదు. బెంగుళూరు నుంచి శని, ఆదివారాల్లో కార్లేసుకుని వెళ్ళే మనవాళ్ళలో ఎక్కువమంది చేసేది ఇదే. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చడం, 27 అడుగుల నంది ముందు ఫోటో దిగడం, వెనక్కి రావడం. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ కట్టించిన గుడి అది. తలెత్తితే పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం కనిపిస్తాయి. చాలాచోట్ల రంగులు వెలిసిపోయాయి. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకి ఎక్కింది. ఎక్కినంత మాత్రాన రంగులు తిరిగొస్తాయా?

"దేవుడు పూజకి గానీ ప్రదర్శనకి కాదు, మ్యూజియం బుద్ధి మనకెందుకు?" అంటారు కొందరు. సరే, పూజ గురించే మాట్లాడుకుందాం. తమిళనాడులో శ్రీపురందన్ అనే ఊళ్ళో శివాలయం. పూజలు ఆగిపోయి తాళం పడింది. అందులోని చోళుల నాటి నటరాజుని దొంగలు ఎత్తుకెళ్ళారు. పోయిన సంగతి కూడా వెంటనే ఎవరికీ తెలియలేదు. 2008లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ దాన్ని 50 లక్షల డాలర్లకు పైగా పెట్టి కొంది. 2014లో మనకి తిరిగిచ్చారు. ఎలా? దొంగతనానికి ముందే పాండిచ్చేరిలోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు తీసి దాచిన ఫోటోలు ఉన్నాయి కాబట్టి. ఆ ఫోటోలకీ గ్యాలరీలోని విగ్రహానికీ పోలిక కుదిరింది కాబట్టి. ఆ ఫోటోలే లేకపోతే "ఇది మాది" అని ఏం చూపించి అడిగేవాళ్ళం? మన భక్తి చూపించా?

ఇప్పుడు మన అనంతపురం సీమకి రండి. (2022లో జిల్లాని రెండు చేసారు, లేపాక్షి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. కరువు మాత్రం రెండింటికీ ఉమ్మడే.) వానలు మొహం చాటేసి శెనక్కాయ పంట పోతే సగం ఊరు బెంగుళూరుకి కూలికి పోతుంది. ఊళ్ళో మనుషులు లేకపోతే గుళ్ళో దీపం ఎవరు పెడతారు? ఆ చీకట్లోకే గుప్తనిధుల ముఠాలు దిగేది. నంది కింద తవ్వారు, లింగాన్ని పగలగొట్టారు అనే వార్త ఇక్కడి పేపర్లకి కొత్తేం కాదు. నొళంబులు ఏలిన హేమావతి ఇక్కడే ఉంది. అక్కడి శిల్పాలు కొన్ని చెన్నై మ్యూజియంలో ఉన్నాయి, వాటికైనా ఒక లెక్కుంది. చింతచెట్టు కింద పడున్న వీరగల్లుకి, సున్నం కొట్టిన శాసనానికి, ఎనామిల్ పెయింట్ పూసిన అమ్మవారికి ఏ లెక్కుంది?

పురావస్తు శాఖ చూసుకోవాలి కదా అంటారు. చూసుకోవాలి, నిజమే. కానీ వాళ్ళు రక్షించేది తమ జాబితాలో ఉన్నవాటిని. మీ ఊరి గుడి ఆ జాబితాలో ఉందో లేదో మీకు తెలుసా?

బ్యాకప్ లేకుండా ప్రొడక్షన్ సర్వర్ నడిపితే మన మేనేజర్ ఊరుకుంటాడా? అలాంటిది ఐదారొందల ఏళ్ళ, వెయ్యేళ్ళ డేటాకి ఒక్క కాపీ కూడా లేకుండా నిశ్చింతగా ఎలా ఉన్నాం? ఇందులో రాకెట్ సైన్సేం లేదు. విగ్రహానికి నాలుగు వైపులా ఫోటో, పక్కన ఒక స్కేలు, విరిగిన చోట దగ్గర్నుంచి ఇంకోటి, తేదీ, ఊరి పేరు. శాసనం ఉంటే ఏటవాలు ఎండలో తీయండి, అక్షరాలు లేస్తాయి. పూజారినడిగి తీయండి, వద్దంటే గర్భగుడి వదిలేయండి. ఒక కాపీ ఊరి పెద్దలకివ్వండి, ఒకటి మీ దగ్గర దాచండి. కాపలా లేని గుడైతే మాత్రం ఫేస్‌బుక్‌లో పెట్టి దొంగలకి దారి చూపించకండి.

అద్దాల పెట్టెల్లో ఉన్నవాటి కోసం అడుగుదాం, గట్టిగానే అడుగుదాం. అడిగేవాడి చేతిలో కాగితం ఉండాలి కదా. మీ చేతిలో పన్నెండు వేల రూపాయల ఫోనుంది, ఉగాదికి ఎలాగూ ఊరెళ్తున్నారు. ఇంకేం కావాలి?