కుండీలోని కలబందకు వేరుకుళ్ళు: మందు కొనక ముందు

మెట్టసీమలో పెరిగిన మొక్క నీటివలన చచ్చుచున్నదనిన వినువారికి వింతగా నుండును. అయినను మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములలో ఇండ్లముందర కుండీలలో పెంచు కలబంద, రణపాల, జెముడు జాతి మొక్కలు చెడిపోవుట దాహమువలన గాదు, ఎక్కువ తడివలననే యని మా నిశ్చితాభిప్రాయము.

ఈ జాతుల ఓర్పు ఎట్టిదో మన రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. నల్లమల అడుగునగల రాతినేలలలో బ్రహ్మజెముడు, కుందేటికొమ్ములు, నల్లేరు ఎవ్వరును నీరు పోయకయే బ్రదుకుచున్నవి. నాగజెముడు సంగతి పెద్దలకు తెలిసినదే. కరవులెన్ని వచ్చినను అది తరుగలేదు. పొలములను, బంజరులను ఆక్రమించుచునే పోయినది. దక్షిణదేశమున దాని నణచినది 1926లో సింహళమునుండి తెప్పించి వదలిన కోచినీల్ జాతి పురుగు. ఎండకు లొంగని ఆ వంశపు మొక్క మన అరుగుమీద, మన కండ్లయెదుట, ఒక చెంబెడు నీటికి లొంగిపోవుచున్నది.

దీనికి కారణము సులభముగనే తెలియును. ఈ మొక్కలు ఆకునందో కాండమునందో నీటిని దాచుకొనును. ఆకులమీది సన్నని రంధ్రములను పగటివేళ మూసికొని రాత్రివేళ తెరచి గాలిని గ్రహించును. కావున తక్కిన మొక్కలవలె పగలెల్ల ఆవిరి వదలవు. ఖర్చు తక్కువగల ఇంటికి దినదినమును ధాన్యము తోలినచో గాదె నిండి, మిగిలినది ముక్కిపోవును గదా! వేరునకు నీరెంత అవసరమో ప్రాణవాయువు అంత అవసరము. మట్టి రేణువుల నడుమ సందులు నీటితో నిండి దినములతరబడి అట్లే యున్నచో వేరు ఊపిరాడక చచ్చును. చచ్చిన వేరును మట్టిలోని తెగులు జీవులు తినివేయును. అవి అక్కడనుండి మొదలునకు ప్రాకును.

ఇందు గృహస్థుని మోసపుచ్చు సంగతి యొకటి కలదు. వేరు చచ్చిన తరువాత ఆకునకు నీరందదు. ఆకు ముడుతలుపడి వాడును. చూచినవారు దాహమని తలచి మరియొక చెంబు పోయుదురు. అది మిగిలియున్న వేళ్ళను కూడ ముంచివేయును. బియ్యము కడిగిన నీళ్ళు, పాలగిన్నె తొలిచిన నీళ్ళు దినమును పోయుట మొక్కకు బలమని నమ్మువారును కలరు. ఆ ప్రేమకు తట్టుకొన్న కలబందను మేమింకను చూడలేదు.

రెంటికిని భేదము తెలిసికొనుట కష్టము కాదు. దాహముతోనున్న మొక్క ఆకు పలుచబడును గాని గట్టిగ నుండును. మట్టి పొడిగా నుండి కుండీ తేలికగా లేచును. వేరుకుళ్ళు పట్టిన మొక్క ఆకు మొదట పసుపుబారి, నీరుపట్టినట్లు మెత్తబడును. మొక్కను కదిపిన ఊగును. మట్టి తడిగ నుండి దుర్వాసన కొట్టును. అనుమానమున్నచో ఊడబెరికి చూడవలెను. ఈ జాతి మొక్కలు ఊడబెరికిన మాత్రమున చావవు. మంచి వేరు తెల్లగనో లేత రంగుగనో యుండి గట్టిగ నుండును. కుళ్ళిన వేరు నల్లబడి, వ్రేళ్ళతో లాగిన పై తొడుగు ఊడివచ్చి, లోపల దారము వంటి పోగు మాత్రము మిగులును.

ఇంతవరకు చూడకయే మందు కొనుట మన ప్రాంతమున బలిసిన అలవాటు. ఆకు వాడినదని చెప్పగనే ఒక పొట్లము చేతికిచ్చుటయు, మనము దానిని నీళ్ళలో కలిపి, ఇదివరకే మునిగియున్న వేరుమీద మరల పోయుటయు జరుగుచున్నది. వేరుకుళ్ళు ఒక్క జీవివలన కలుగునది కాదు. ఫ్యుజేరియము నిజమైన శిలీంధ్రము. పిథియము, ఫైటాఫ్తొరా అనునవి శిలీంధ్రములవలె కనబడినను వేరు వంశమునకు చెందినవి. 1845లో ఐర్లండు దేశమున బంగాళాదుంప పైరును మాడ్చి మహాక్షామము తెచ్చినదియు, తమలపాకు తోటలలో తీగ మొదలు కుళ్ళించునదియు ఈ ఫైటాఫ్తొరా జాతివే. కార్బెండజిమ్ ఫ్యుజేరియముపై కొంత పనిచేయును గాని పిథియము, ఫైటాఫ్తొరాలపై పనిచేయదు. వానికి మెటలాక్సిల్ వంటిది కావలెను. కలబందలో బాక్టీరియావలన వచ్చు మెత్తకుళ్ళు మరియొకటి కలదు. దానికి ఈ రెండును పనికిరావు. ఏ తెగులో తెలియక కొన్న మందు జూదమువంటిది. ఎంత ఖరీదైన మందైనను చచ్చిన వేరును బ్రతికింపదు. నీరు నిలిచిన మట్టిలో గాలిని పుట్టింపదు.

చేయవలసిన చికిత్సకు కత్తియు, ఓపికయు చాలును. మొక్కను తీసి మట్టినంతయు దులిపివేయవలెను. కుళ్ళిన వేళ్ళను, మెత్తబడిన మొదలును పదునైన కత్తితో, ఎఱ్ఱని మచ్చ ఏమాత్రమును లేని శుభ్రమైన కండ కనబడువరకు కోయవలెను. ఒక్కొక్క కోతకు కత్తిని స్పిరిటుతో తుడువవలెను. బ్రహ్మజెముడు కోయువారు దాని పాలు కంటబడకుండ జాగ్రత్తపడవలెను. తరువాత మొక్కను నీడలో, గాలి తగులుచోట వారము దినములు ఆరబెట్టవలెను; లావు కాండముగల జెముడునకు ఇంకను ఎక్కువ దినములు పట్టును. కోసినచోట ఎండి గట్టిపొర కట్టిన పిమ్మట పొడిమట్టిలో నాటి, మరియొక వారము నీరు పోయరాదు. ఈ రెండు వారములు ఊరకుండుటయే మనవారికి కష్టము. కలబంద మొదలంతయు కుళ్ళిపోయినచో ఆకు నాటి ప్రయోజనము లేదు. ప్రక్కనున్న పిలకలను వేరుచేసి నాటుకొనవలెను. పాతమట్టిని తోటలోనో పాదులలోనో పారవేయరాదు.

ఇక నివారణ. మార్కాపురము పలకలు దేశమంతట ప్రసిద్ధములు. పలక గనులచెంత వ్యర్థపు ముక్కలు గుట్టలుగ పడియున్నవి. ఇట్టి ముక్కలనో గులకరాళ్ళనో కుండీ అడుగున రెండంగుళములు పరచి పైన మట్టి నింపిన నీరు బాగుగ దిగునని చాలమంది నమ్మకము. తోటపని పుస్తకములు సయితము చిరకాలము అట్లే చెప్పినవి. ఇది పొరపాటు. సన్నని మట్టినుండి పెద్ద సందులుగల రాళ్ళలోనికి నీరు వెంటనే దిగదు. పైమట్టి పూర్తిగ తడిసి నిండువరకు అక్కడనే నిలుచును. తడిగుడ్డను మడిచి గులకరాళ్ళమీద పెట్టి చూడుడు. గుడ్డ అడుగుభాగము చాలసేపు తడిగనే యుండును. కుండీలోను అంతియే. రాళ్ళు పరచుటవలన తడిపొర వేరునకు మరింత చేరువగును.

ఆ ముక్కలనే బఠాణీ గింజంత చేసి, దుమ్ము జల్లించి, మట్టియంతట కలిపినచో మంచి ఫలము కలుగును. ఎఱ్ఱమట్టి ఒక పాలు, గుండ్లకమ్మ వంటి ఏటి ముతక ఇసుక ఒక పాలు, పలకముక్కలుగాని ఇటుకముక్కలుగాని ఒక పాలు, బాగుగ చివికిన పశువుల ఎరువు పావుపాలు చాలును. నల్లరేగడి వలదు. ఎరువులో ట్రైకోడెర్మా కలుపుకొనుట మంచిదే. అది రాకుండ కాపాడునదే గాని వచ్చినదానిని మాన్పునది కాదు. కుండీ మెరుగులేని మట్టికుండీయై, వేళ్ళగుత్తికంటె కొంచెమే పెద్దదిగ నుండవలెను. అడుగున పళ్ళెము పెట్టరాదు. పోసినప్పుడు అడుగునుండి కారునంతగ పోసి, చీపురుపుల్ల లోతుగ గ్రుచ్చి తీసినపుడు పొడిగ వచ్చువరకు మరల పోయకుండవలెను. ముసురు దినములలో కుండీలను చూరుక్రిందికి జరుపవలెను.

అరుగుమీది కలబందకై ఇన్ని మాటలెందుకని కొందరు సభ్యులకు తోచవచ్చును. బత్తాయి తోటలుగలవారు ఒక్కసారి తమ పాదులను చూచుకొనుడు. మొదలునకు తగులునట్లు పాదు చేసి, నీరు నిలిపి, చెట్టు ఎండుకుళ్ళుతో వాడినపుడు మరల నీరు పెట్టుటయు, పిదప పొట్లములు కొనుటయు ఇక్కడి వరుసయే. కాండముచుట్టు మట్టి ఎగదోసి, వెలుపల రెండవ పాదులో నీరు పెట్టుమని శాస్త్రజ్ఞులు ఎంతకాలముగనో చెప్పుచున్నారు. కుండీలో పోవునది ఒక పిలక. తోటలో పోవునది అయిదారేండ్లు సాకి కాపునకు తెచ్చిన చెట్టు, దానికై తెచ్చిన అప్పు.

కావున సంఘముల కార్యవర్గములవారికి మా సూచన యిది. వేరుకుళ్ళు మందును వేరు చూడక అమ్మరాదు. సభ్యుడు మొక్కనో, చెట్టయినచో రెండు మూడు వేళ్ళనో తెచ్చి చూపవలెను. అక్కడ తేలనిచో వ్యవసాయశాఖవారికి చూపింపవలెను. అమ్మకము కొంత తగ్గునని వెనుకాడవలసిన పనిలేదు, ఆ సొమ్మును సభ్యులదే గదా. మృగశిర కార్తెలోపల ముతక ఇసుకయు, జల్లించిన పలకముక్కలును గిడ్డంగిలో నిలువచేసి అసలు ధరకు ఇయ్యవలెను. కుమ్మరులవద్ద కుండీలు తీసికొనునపుడు అడుగు తిరుగవేసి చూచి, రంధ్రములో చిటికెనవ్రేలు దూరనిదానిని వారికే తిరిగి యిచ్చివేయవలెను.