పెరోల్ అయిపోయింది, ఖైదీ రాలేదు

ఖైదీకి వారం సెలవిచ్చి పంపారు. ఎనిమిదో రోజు జైలు గేటు దగ్గర మనిషి లేడు. ఇప్పుడేమవుతుంది?

గవర్నర్‌పేటలో ఏ టీ బండి దగ్గర అడిగినా “పట్టుకొచ్చి లోపలేస్తారు, అంతేగా” అంటారు. అంతే కాదండీ. కస్టడీ నుంచి తప్పించుకోవడం విడిగా ఇంకో నేరం. పాత ఐపీసీలో సెక్షన్ 224, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 262. రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అదీ పాత శిక్షకు అదనంగా!

అప్పీలులో అసలు పేచీ ఇక్కడే. అతను గోడ దూకలేదు, జైలే పంపింది. మరి ‘తప్పించుకోవడం’ ఎలా అవుతుంది? లాయర్ ఇలా అడుగుతాడు. అవతలివాళ్ల దగ్గరా జవాబుంది: పెరోల్‌తో ఖైదీ హోదా మారదని 2000లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

నన్నడిగితే కేసు తేలేది కారణం దగ్గర. ఆస్పత్రిలో పడ్డాడా, ఫోన్ ఆఫ్ చేసి ఊరు మారాడా? మొదటిదైతే అడ్మిషన్ చీటీ, డిశ్చార్జి కాగితం, గడువు లోపలే జైలుకు పంపిన కబురు కావాలి. ఇవి ఇంట్లోవాళ్లే చూసుకోవాలి. మేజిస్ట్రేట్ శిక్ష వేస్తే సెషన్స్ కోర్టుకు వెళ్లడానికి 30 రోజులే టైం.

1977లో మన రాష్ట్రం నుంచి వెళ్లిన అప్పీలులో జస్టిస్ కృష్ణయ్యర్ ఓ 28 ఏళ్ల కుర్రాడికి శిక్ష తగ్గించి, జైల్లో తగిన పని, కూలి, మధ్యమధ్య పెరోల్ ఇవ్వమన్నారు. ఉద్యోగాలిప్పిస్తానని మోసం చేసినవాడికే! ఒకడు తిరిగి రాకపోతే మాత్రం, వెనకాల అర్జీ పెట్టుకున్నవాడి ఫైలు కదలడం కష్టం.