వేసవి విహారము - ఒంటికి పడని వస్తువులు

వేసవి సెలవులు వచ్చినంతనే అరకు కొండలకును, విశాఖ తీరమునకును జనులు తరలిపోవుట పరిపాటియైనది. అలసిన దేహమునకు స్థలము మార్పు మేలే. కాని బట్టలు, ఫలహారములు సర్దుకొను శ్రద్ధతో, ఇంటిలో నెవరి శరీరమునకు ఏ వస్తువు పడదో జ్ఞప్తికి దెచ్చుకొని బయలుదేరు కుటుంబములు అరుదు. ఈ యుపేక్ష ప్రమాదకరమని మేము హెచ్చరింపవలసియున్నది.

మన పెద్దలు “ఒంటికి పడకపోవుట” యనుదానికే 1906లో ఆస్ట్రియా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే ఎలర్జీ యని పేరిడెను. పరులకు హాని చేయని వస్తువును కొందఱి దేహము శత్రువుగా నెంచి పోరాడుటయే దీని స్వభావము. మామిడి సొన తగిలి కొందఱికి పెదవులచుట్టు పొక్కును. మామిడి, జీడిమామిడి, నల్లజీడి యొకే కుటుంబపు వృక్షములు గనుక, ఒకటి పడనివారు తక్కినవానియెడలను జాగరూకులై యుండవలయును. 1950 దశకములో అమెరికా గోధుమలతో దిగినదని ప్రసిద్ధిచెందిన వయ్యారిభామ బాటల కిరువైపుల బెరిగి, కొందఱికి చర్మమున దురదయు, మఱికొందఱికి ఉబ్బసమును గలిగించును. తీరమున రొయ్యలు, పీతలును, కొండలలో తేనెటీగలు, కందిరీగలును ఇంతకంటె భయంకరములు కావచ్చును.

ఒట్టి దద్దురులైనచో సాధారణముగా వానంతట నవియే తగ్గును. కాని నాలుక వాచుట, గొంతు బిగియుట, ఆయాసము, కండ్లు తిరుగుట మొదలైనచో నిమిషములలో ప్రాణము పోవచ్చును. అట్టియెడ కుట్టినచోట సున్నము పూయుచును, దురద మాత్రలు మ్రింగించుచును కాలము గడుపరాదు. రోగిని పరుండబెట్టి కాళ్లెత్తి యుంచి, ఆయాసమున్నచో కూర్చుండబెట్టి, వెంటనే 108కి కబురంపవలయును. దీనికి మొదటి మందు తొడకండరములోని కెక్కించు అడ్రినలిన్. తేరుకొన్నను, కొన్ని గంటలకు మరల తిరుగబెట్టవచ్చును గనుక వైద్యుని కనుసన్నల నుండుట యవసరము.

1901 నాటికే జపాను శాస్త్రజ్ఞుడు టకమీనే జోకిచి ఈ అడ్రినలిన్‌ను శుద్ధరూపమున వేఱుచేసెను. ఇది వెలహెచ్చు మందు కాదు. భారత ప్రభుత్వమువారి అత్యవసర ఔషధముల జాబితాలోను జేరియున్నది. కాని జాబితాలోని మందు ఘాట్‌రోడ్డుమీద ఊపిరాడనివాని కేమి యుపకరించును? పట్టణపు ఆసుపత్రికి జేరులోపల పుణ్యకాలము గడచిపోవును. ప్రవేశరుసుము వసూలుచేయు ప్రతి విహారస్థలమునందును ఈ మందును, దానిని వాడ నేర్చిన మనిషిని నుంచుట ప్రభుత్వమువారి విధియని మా నిశ్చితాభిప్రాయము. కూరలో జీడిపప్పుగాని వేరుసెనగగాని కలదాయని యడిగిన యతిథికి నిజము చెప్పుట భోజనశాలలవారి ధర్మము. తమకు పడని వస్తువు పేరు వ్రాసిన చీటిని జేబులో నుంచుకొనుట ప్రయాణికుల కర్తవ్యము. జనులవద్ద రుసుము గైకొనువారు వారి ప్రాణములకు పూచీపడకుండుట న్యాయము కాదు. రాబోవు వేసవికి ముందుగనే అధికారులు మేల్కొందురుగాక!